సాక్ష్యానికీ భూస్థాపనకూ మధ్య: కేట్ బౌలర్ రోగకథనం – ఒక విమర్శనాత్మక పరిశీలన

మన సంఘాలలో వ్యాధిని గూర్చి బహిరంగంగా మాట్లాడడానికి రెండు సందర్భాలు బాగా స్థిరపడి ఉన్నాయి. ఒకటి సాక్ష్యం, రెండవది భూస్థాపన ఆరాధన. బాగుపడినవాడు ఆదివారం లేచి నిలబడి తానే చెబుతాడు. మరణించినవానిని గూర్చి సమాధి యొద్ద కాపరి చెబుతాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్నవాని సంగతి ఏమిటి? అతడు బాగుపడలేదు, చనిపోనూ లేదు. మూడు నెలలకొకసారి స్కానింగు చేయించుకొని, ఆ కాగితం చేతికి వచ్చేవరకు నిద్రపట్టక, వచ్చిన తర్వాత మరి మూడు నెలలకు మాత్రమే ఊపిరి తీసుకొనేవాడు. ప్రార్థన విన్నపముల చీటీలో ఒక వరుస తప్ప మన ఆరాధన క్రమంలో అతనికి వేరే చోటు కనబడదు.

ఈ మధ్యస్థితిని గూర్చి ఇటీవలి కాలంలో వచ్చిన క్రైస్తవ రచనలలో కేట్ బౌలర్ 2018లో ప్రచురించిన పుస్తకం ముఖ్యమైనది. దాని పేరు ‘ఎవ్రీథింగ్ హాపెన్స్ ఫర్ ఎ రీజన్: అండ్ అదర్ లైస్ ఐ హావ్ లవ్డ్’. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందనే మాట, దానితో పాటు నేను ప్రేమించిన ఇతర అబద్ధాలు అని తాత్పర్యం. మన విద్యార్థులలో కొందరు దీనిని ఓదార్పు గ్రంథంగా చదువుతున్నారు, మరికొందరు పేరు చూసి దేవుని సార్వభౌమత్వానికి వ్యతిరేకమైనదిగా ప్రక్కన పెడుతున్నారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఈ పుస్తకం ఏమి సాధించింది, ఎక్కడ ఆగిపోయింది, తెలుగు సంఘపు కాపరి దీనిని ఎట్లు చదవవలెను అనునవి ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

రచయిత్రి, నేపథ్యం

బౌలర్ కెనడా దేశపు మానిటోబా ప్రాంతంలో మెన్నోనైట్ల మధ్య పెరిగారు. మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతాల మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు తెలిసిన మన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. ఆమె అమెరికాలోని డ్యూక్ డివినిటీ స్కూలులో క్రైస్తవ చరిత్ర బోధించే ఆచార్యురాలు. 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన ఆమె మొదటి గ్రంథం ‘బ్లెస్డ్’ సమృద్ధి సువార్త యొక్క అమెరికా చరిత్ర. విశ్వాసం, ఐశ్వర్యం, ఆరోగ్యం, జయం అనే నాలుగు మాటల చుట్టూ ఆ ఉద్యమం ఎట్లు అల్లుకొన్నదో అందులో చూపించారు. పరిశోధన కోసం ఆ సంఘాలలో కూర్చొని, ఆ విశ్వాసులతో స్నేహం చేసి వ్రాసిన పుస్తకమది. దూరం నుండి రాళ్లు వేసినది కాదు.

2015లో, 35 సంవత్సరముల వయస్సులో, నెలల తరబడి కడుపునొప్పితో తిరిగిన తరువాత ఆమెకు పెద్దప్రేగు క్యాన్సరు నాలుగవ దశ అని తెలిసింది. అప్పటికి ఆమె కుమారుడు పసివాడు. ఆరోగ్యమే విశ్వాసానికి ఋజువు అని బోధించే ఉద్యమానికి చరిత్ర వ్రాసిన స్త్రీ ఇప్పుడు తానే రోగి అయ్యారు. 2016 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఆమె ఒక వ్యాసం వ్రాయగా, దానికి వేల సంఖ్యలో ఉత్తరాలు వచ్చాయి. ఆ వ్యాసమూ ఆ ఉత్తరాలూ కలిసి పెరిగి ఈ పుస్తకమైనవి. ఆమె కణితిలో కొద్దిమంది రోగులలో మాత్రమే కనబడే ఒక జన్యు లక్షణం ఉండడం వలన, అట్లాంటాలో జరుగుతున్న ఇమ్యునోథెరపీ ప్రయోగ చికిత్సలో చేరగలిగారు. తరువాత 2021లో ‘నో క్యూర్ ఫర్ బీయింగ్ హ్యూమన్’ అనే మరొక పుస్తకమూ వ్రాశారు.

ఈ వివరాలు చెప్పడానికి కారణమున్నది. ఇది మరణశయ్య మీద వ్రాసిన పుస్తకం కాదు, స్వస్థత పొందిన తరువాత వ్రాసిన పుస్తకమూ కాదు. ఫలితం తెలియకుండా వ్రాసినది. ఆ తెలియకపోవడమే దీనికి ప్రాణం.

పుస్తకంలోని బలం

పుస్తకానికి పేరు పెట్టిన సంఘటన చిన్నది. పొరుగింటావిడ తలుపు దగ్గరకు వచ్చి, ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని బౌలర్ భర్తతో అంటుంది. ఆ కారణమేమిటో వినాలని ఉందని ఆయన మర్యాదగానే అంటాడు. ఆవిడ తడబడిపోతుంది. పరామర్శకు వెళ్లిన మనలో ఎవరైనా ఆ పొరుగింటావిడ కాకుండా తప్పించుకొన్నారా? నేనైతే తప్పించుకోలేదు.

తనకు వచ్చిన ఉత్తరాలు వ్రాసినవారిని బౌలర్ మూడు తెగలుగా చూస్తారు. మొదటివారు బాధను తగ్గించి చూపేవారు: కనీసం ఇదైనా ఉంది కదా, ఇంతకంటె ఎక్కువ కాలేదు కదా అనేవారు. రెండవవారు ఉపాధ్యాయులు: ఈ వ్యాధి నీకు ఒక పాఠం అనేవారు. మూడవవారు పరిష్కారం తెచ్చేవారు: నీవు ఇట్లు చేస్తే, ఇట్లు నమ్మితే బాగుపడతావు అనేవారు. యోబు స్నేహితులను గూర్చి పరీక్షలో వ్యాసాలు వ్రాసే మన విద్యార్థులు ఎలీఫజు, బిల్దదు, జోఫరుల వాదాల మధ్య తేడాలు చెప్పగలరు. అయితే ఆ ముగ్గురూ ఈనాడు ఆసుపత్రి వార్డులోకి ఏ మాటలతో వస్తారో ఈ పుటలు చూపినంత స్పష్టంగా వ్యాఖ్యాన గ్రంథాలు చూపవు. పుస్తకం చివర రోగితో అనకూడని మాటలు, అనదగిన మాటలు, చేయదగిన పనులు అనుబంధంగా ఉన్నాయి. కాపరులు దానినే ముందు చదివి మిగతాది వదిలివేసే ప్రమాదం ఉన్నది. ఏ మాట ఎందుకు గాయపరుస్తుందో తెలియాలంటే ముందు పుటలు చదవక తప్పదు.

ఇంకొక బలం, ఆమె సమృద్ధి సువార్తను ఎగతాళి చేయకపోవడం. పేరులోనే నేను ప్రేమించిన అబద్ధాలు అన్నారు గదా. పరిశోధకురాలిగా బయట నిలబడి చూచినా, మంచివారికి మంచి జరుగుతుంది, కష్టపడితే, ప్రార్థిస్తే జీవితం మన అదుపులో ఉంటుంది అనే నమ్మకం తన లోపలే ఉన్నదని వ్యాధి వచ్చిన తరువాత ఆమె గుర్తించారు. ఇది మన ప్రధాన సంఘాల కాపరులు జాగ్రత్తగా వినవలసిన మాట. స్వస్థత కూటముల పందిళ్లను విమర్శించే మనము, దశమభాగం క్రమంగా ఇచ్చే పెద్ద అకస్మాత్తుగా పక్షవాతంతో పడిపోతే, అంత మంచి మనిషికి ఎందుకిలా అని అడగమా? ఆ ప్రశ్నలో దాగి ఉన్న లెక్క కూడా ఆ పందిరిలోని లెక్కే.

ఒక చోట మన పాఠకులు ఉలిక్కిపడతారు. శ్రమకాల దినములలో అందరూ ఏదో ఒకటి మానుకుంటూ ఉంటే, బౌలర్ తిట్లు మొదలుపెట్టారు! తాను ఇంకా శ్రమకాలంలో ఉండగా అందరూ తనను బలవంతంగా ఈస్టరులోకి లాగుతున్నారని ఆమె ఫిర్యాదు. ఆ తిట్లను నేను సమర్థించను. కాని యోబు 3వ అధ్యాయం చదివి, అక్కడ ఒక నీతిమంతుడు తాను పుట్టిన దినాన్ని శపించడం చూచి, దానిని ప్రసంగ పీఠం మీద ఎన్నిసార్లు చదివామో లెక్కపెట్టుకొంటే, ఆమె మీద రాయి వేయడానికి చెయ్యి లేవదు.

ఒక సాక్ష్యం

ఇక్కడ విమర్శ పద్ధతికి కొంచెం బయటకు వెళ్లి, ఈ పుస్తకం నాకు ఎందుకు బరువైనదో చెప్పవలసి ఉన్నది.

నేను సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరాలలో, డెల్టాలోని ఒక గ్రామ సంఘంలో, ఒక సహోదరికి రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. చికిత్స ముగించుకొని వచ్చిన తరువాత మందిరంలో సాక్ష్యం చెప్పుమని నేనే ఆమెను ప్రోత్సహించాను. ఆమె వెనుకాడింది. “ఇంకా ఆర్నెల్లకు రమ్మన్నారండి అయ్యగారూ, అప్పుడు చెబుతాను” అన్నది. “నమ్మకంతో ముందే చెప్పాలమ్మా” అన్నాను. ఆమె లేచి, ప్రభువు నన్ను సంపూర్ణంగా బాగుచేశాడు అని చెప్పింది. సంఘమంతా స్తోత్రం చెప్పింది. సంవత్సరం తిరగకముందే ఆమెకు వెన్నులో నొప్పి మొదలైంది. ఆ సంగతి ఆమె నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకమ్మా దాచావు అని నేను అడిగినప్పుడు ఆమె, “అంతమంది ముందు చెప్పేశాను కదండీ” అన్నది. అంతకంటె ఇంకేమీ అనలేదు.

ఆ నాలుగు నెలలను నేను ఇప్పటికీ లెక్కపెడుతూ ఉంటాను. వెంటనే వైద్యునికి చూపితే ఆమె బ్రతికేదో లేదో నాకు తెలియదు. నొప్పి మందు మాత్రం ముందుగా అందేది. బౌలర్ ‘బ్లెస్డ్’లో వివరించిన ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867–1948) బోధను అప్పటికి నేను చదవలేదు. ఇంద్రియాలు చెప్పే జ్ఞానం వేరు, వాక్యం వెల్లడించే జ్ఞానం వేరు, శరీరంలో నొప్పి కనబడినా నోటితో స్వస్థతను ఒప్పుకోవలెను అనేది అతని బోధ సారాంశం. కెన్నెత్ హేగిన్ (1917–2003) ద్వారా అది లోకమంతా వ్యాపించింది. అతని పేరైనా వినని ఒక గ్రామ కాపరి నోటిలోకి ఆ బోధ ఎట్లు వచ్చింది? సమృద్ధి సువార్త ఒక సంఘశాఖగా కాక ఒక మాటతీరుగా వ్యాపిస్తుంది అనడానికి ఆ ఆదివారం నా నోటి మాటే సాక్ష్యం.

మన సాక్ష్యానికి ఒకే కాలం ఉన్నది. అది భూతకాలం. ప్రభువు చేశాడు, ముగిసింది. ఇంకా ముగియని దానిని చెప్పే వ్యాకరణం మన దగ్గర లేదు. బౌలర్ పుస్తకం మనకు ఇచ్చే ముఖ్యమైన సహాయం ఇక్కడే అని నా అభిప్రాయం. వర్తమానంలో నిలబడి, రేపటిని వాగ్దానం చేయకుండా, దేవుని గూర్చి మాట్లాడవచ్చునని అది చూపిస్తుంది. వ్యాధి తెలిసిన తొలి దినాలలో తన చుట్టూ ప్రేమ ఆవరించినట్లు, తాను తేలుతున్నట్లు ఆమె అనుభవించారు. అది నిలుస్తుందా అని స్నేహితులను అడిగితే నిలవదు అన్నారు. నిజంగానే నిలవలేదు, అయినా దాని ముద్ర మిగిలింది. దానిని ఆమె స్వస్థతకు సూచనగా చెప్పలేదు, దేనికీ ఋజువుగా వాడుకోలేదు.

పుస్తకం ఆగిపోయిన చోట్లు

అయినా ఈ గ్రంథంలో లోపాలున్నవి. మొదటిది, కారణం లేదు అనడానికీ, కారణం మనకు చెప్పబడలేదు అనడానికీ మధ్య ఉన్న తేడాను రచయిత్రి తగినంతగా విడదీయలేదు. యోహాను 9లో శిష్యులు అడిగిన ప్రశ్నను ప్రభువు త్రోసివేశాడు గాని, దేవుని క్రియలకు ఆ గ్రుడ్డివాని జీవితంలో చోటు లేదనలేదు. దీనికి పూర్తిగా ఎదురు దిక్కున జాన్ పైపర్ 2006లో, తన ప్రొస్టేట్ క్యాన్సరు శస్త్రచికిత్సకు ముందు, ‘డోంట్ వేస్ట్ యువర్ క్యాన్సర్’ అనే చిన్న రచన చేశారు. ఈ వ్యాధి తన కొరకు దేవుడు ఉద్దేశించినదే అని ఆయన వాదం. ఇద్దరూ రోగులే, ఇద్దరూ విశ్వాసులే. మన తరగతి గదులలో ఎవరిది సరియైన సిద్ధాంతం అని చర్చ జరుగుతుంది. నాకు అంతకంటె ముఖ్యంగా తోచే ప్రశ్న, ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు అనేది. ఆదికాండము 50:20లో యోసేపు తన జీవితంలోని కీడు వెనుక దేవుని మేలైన ఉద్దేశాన్ని చూచాడు. కాని ఆ మాట అన్నది యోసేపే, తన విషయమై, అనేక సంవత్సరాలు గడచిన తరువాత. గోతిలో ఉన్న దినాన పైనుండి సహోదరులు అదే మాట అని ఉంటే అది ఏమయ్యేది? పైపర్ తన శరీరం గూర్చి పలికిన దానిని మనము ఇతరుల మంచం దగ్గరకు తీసుకొని వెళ్లడంలోనే చిక్కున్నది. ఈ విచక్షణ బౌలర్ పుస్తకంలో సూచనగా ఉన్నదే గాని వాదంగా నిలబడలేదు.

రెండవది సంఘం. పుస్తకంలో స్నేహితులు ఉన్నారు, సహాధ్యాపకులు ఉన్నారు, ప్రార్థించేవారు ఉన్నారు. కాని యాకోబు 5:14లో ఉన్నట్లు రోగి పిలువగా పెద్దలు కలిసి వచ్చే సంఘం నీడగానే కనబడుతుంది. ఆ వాక్యభాగాన్ని మనమూ సరిగా వాడడం లేదు. అక్కడ పిలిచేది రోగి. వచ్చేది వరం పొందిన ఒక్క ప్రసంగీకుడు కాదు, ఆ ఊరి సంఘపు పెద్దలు. 15వ వచనంలో వాడబడిన రెండు గ్రీకు క్రియలూ, సోజో, ఎగైరో, బాగుచేయుట, లేపుట అని అర్థమిచ్చునవే గాని రక్షించుట, మృతులలో నుండి లేపుట అనే అర్థంలో కూడ క్రొత్త నిబంధనలో వాడబడినవి. నూనె రాసినవాడు మంచం మీది నుండి లేస్తాడా, సమాధిలో నుండి లేస్తాడా అనేదానిని ఆ మాటలే తెరచి ఉంచుతున్నవి. శ్రమకాలంలో ఉన్న తనను ఈస్టరులోకి లాగవద్దని బౌలర్ అనడం న్యాయమే. అయితే పునరుత్థానాన్ని ఆశావాదంతో కలిపి రెంటినీ కొంత దూరం పెట్టినట్లు చదువరికి అనిపిస్తుంది. పౌలు మిలేతులో త్రోఫిమును రోగిగానే విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). స్వస్థపరచలేదు, నిందించలేదు. అదే పౌలు పునరుత్థానాన్ని ప్రకటించడమూ మానలేదు.

మూడవది లోపం అనరాదేమో, దూరం అనవలెను. బౌలర్ కథలో రోగికి అంతా తెలుసు. వైద్యుడు ఆమెతోనే మాట్లాడతాడు. మన ఇండ్లలో వ్యాధి పేరు చివరగా తెలిసేది రోగికే. వేలూరు నుండి రిపోర్టులతో తిరిగి వచ్చిన కుమారుడు కాపరిని గుమ్మం బయటే ఆపి, “అమ్మకు చెప్పలేదండీ, గ్యాస్ట్రిక్ అని చెప్పాం, మీరు కూడా అలాగే ప్రార్థన చేయండి” అంటాడు. లోపలికి వెళ్లిన కాపరి కన్నులు మూసుకొని దేవునితో మాట్లాడుతూనే ఒక అబద్ధాన్ని కాపాడవలసి వస్తుంది. తల్లికి చాలాసార్లు తెలిసే ఉంటుంది, ఆమె కుమారుని కోసం తెలియనట్లు ఉంటుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన తరువాత పెద్ద ఆసుపత్రుల తలుపులు కొంత తెరచుకొన్నవి గాని, ఈ మౌనం తెరచుకోలేదు. ఖరీదైన ప్రయోగ చికిత్సకు విమానంలో వెళ్లగలిగిన రచయిత్రికీ, పొలం తాకట్టు పెట్టాలా వద్దా అనే చర్చ తన మంచం ప్రక్కనే గుసగుసగా వినే తల్లికీ అనిశ్చితి ఒకే విధమైనది కాదు. తెలుగులో ఇట్టి పుస్తకం వ్రాయబడితే అది ఆ గుమ్మం దగ్గర మొదలు కావలెను.

హిజ్కియా వ్రాత

ఈ పుస్తకాన్ని తరగతిలో చదివించేటప్పుడు నేను దానిని యెషయా 38తో కలిపి చదివిస్తాను. అక్కడ గుమ్మం దగ్గర గుసగుస లేదు. ప్రవక్త నేరుగా రాజు దగ్గరకే వచ్చి, ఇల్లు చక్కబెట్టుకొనుమని, బ్రతుకవని చెబుతాడు. ఆ కఠినత్వం మనకు మాదిరి అని నేననను. రాజు దానికి ఏడ్చి ప్రార్థించగలిగాడు, ఎందుకంటే అతనికి సంగతి తెలుసు. తెలియనివాడు దేనికొరకు ఏడ్చును?

9వ వచనం నుండి హిజ్కియా వ్రాత మొదలవుతుంది. 2 రాజులు 20లో ఈ భాగం లేదు, యెషయా గ్రంథంలోనే ఉన్నది. స్వస్థత పొందిన తరువాత వ్రాసినదని శీర్షికలోనే చెప్పబడినా, దానిలో సగం రోగి స్వరమే. గొఱ్ఱెల కాపరి గుడారం పెరికివేయబడుట, నేతగాడు బట్టను మగ్గం నుండి కోసివేయుట, పక్షి కిచకిచలు, గువ్వ మూలుగు. చీరాల, మంగళగిరి ప్రాంతాల నేతపనివారి సంఘాలలో పరిచర్య చేసేవారికి ఆ మగ్గపు ఉపమానం వివరించనక్కరలేదు. పడుగు ఇంకా మిగిలి ఉండగానే కోత పడడం ఏమిటో వారికి తెలుసు. మన సాక్ష్యాలలో ఈ సగం ఉండదు. బాగుపడ్డాను అనే మాటకు ముందు ఒక్క వాక్యంలో, చాలా బాధపడ్డాను అని దాటివేస్తాము.

15వ వచనంలో హిజ్కియా తన మిగిలిన సంవత్సరాలలో ఎట్లు నడుచుకొంటాడో చెప్పుటకు వాడిన హెబ్రీ క్రియ చాలా అరుదైనది. అది పాత నిబంధనలో ఇంకొక్కచోట, కీర్తన 42లో మాత్రమే వస్తుంది. అక్కడ అది జనసమూహంతో కలిసి మందిరానికి సాగిన నడక. దీని అర్థంపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మెల్లగా, ఆచితూచి నడచుట అని అనేకుల అభిప్రాయం. పదునైదు సంవత్సరాలు అదనంగా ఇవ్వబడినవాడు పరుగెత్తుతాను అనలేదు, ఆత్మలోని చేదును బట్టి మెల్లగా నడుస్తాను అన్నాడు. బౌలర్ పుస్తకం చదివిన తరువాత ఈ వచనం నాకు కొంత తేటపడింది. స్కానింగుకూ స్కానింగుకూ మధ్య మనిషి అట్లాగే నడుస్తాడు.

ఆ అధ్యాయపు చివరి రెండు వచనాలు వ్యాఖ్యాతలకు ఇబ్బంది కలిగించినవి. 20వ వచనంలో పాట మందిరంలో తంతివాద్యాలతో ముగిసింది. అక్కడ అధ్యాయం ముగిసి ఉంటే మన సాక్ష్య కూటమికి చక్కగా సరిపోయేది. కాని దాని తరువాత, 2 రాజులు 20లో ముందే చెప్పబడిన సంగతులు ఇక్కడ వెనుకకు వచ్చి చేరినవి. 21లో అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టుమని యెషయా చెప్పిన వైద్యం ఉన్నది. లేఖకుని పొరపాటు వలన స్థానం మారినదని కొందరంటారు. అది నిజమే కావచ్చును. ఏమైనా మన చేతిలో ఉన్న పాఠంలో స్తుతిగీతం తరువాత పుండు, పుండుకు మందు ఉన్నవి. ఆ తరువాత 22వ వచనంలో, నేను యెహోవా మందిరానికి ఎక్కి వెళ్లుదునని సూచన ఏమిటి అని రాజు అడుగుతాడు. అధ్యాయం ఆ ప్రశ్న దగ్గర ఆగింది.